ఆస్తి రాయించుకుని పెద్దవాళ్లను వదిలేస్తే: గోదావరి జిల్లాల కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

డెల్టాలో పెద్దవాళ్ల కష్టాలు చాలావరకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర మొదలవుతాయి. పొలమో, కొబ్బరితోటో, చేపల చెరువో, ఉన్న ఒక్క ఇల్లో పిల్లల పేర మారుతుంది. తర్వాత కొన్నాళ్లకే తిండి దగ్గర, మందుల దగ్గర, పడుకునే గది దగ్గర తేడా మొదలవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ముందు ఊరి పెద్దమనుషుల దగ్గరికి వెళ్తారు. అక్కడ తేలకపోతే పోలీస్ స్టేషనుకి, ఆ తర్వాత సోమవారం కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కి. ఆర్డరు వేయగల అధికారం ఉన్న ఆర్డీవో దగ్గరికి చిట్టచివర వెళ్తారు. ఈ వరుసను తిరగేయాలి.

ఆ అధికారం ఇచ్చింది 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. దీని అమలుకు మన రాష్ట్రంలో 2011లో రూల్స్ వచ్చాయి. 60 ఏళ్లు నిండిన ఎవరైనా వయోవృద్ధులే. తల్లిదండ్రులైతే 60 నిండకపోయినా అర్హులే. మారుతల్లి, మారుతండ్రి, దత్తత తీసుకున్నవారు కూడా ఇందులోకి వస్తారు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి అనుభవిస్తున్న, లేదా తమ తర్వాత ఆ ఆస్తి దక్కే బంధువు మీద వేయవచ్చు.

ముందు మనిషిని కాపాడుకోవాలి

కొట్టడం, గదిలో పెట్టి గొళ్లెం వేయడం, మందులు ఆపేయడం జరుగుతుంటే కాగితాల పని తర్వాత. 112కి ఫోన్ చేయండి. గాయాలుంటే ప్రైవేటు క్లినిక్‌లో కట్టు కట్టించి ఊరుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. "బాత్రూంలో జారిపడ్డాను" అని పెద్దావిడ కొడుకు పరువు కోసం ఒక్కసారి చెప్పిందంటే ఆ మాటే ఆసుపత్రి రికార్డులో ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత అవతలివాళ్లు చూపించేది దాన్నే. మంచం పుళ్లు, ఒళ్లు తగ్గడం, షుగరు విపరీతంగా పెరగడం కూడా నిర్లక్ష్యానికి సాక్ష్యాలే. ఫొటోలు తీసి, పరీక్షల కాగితాలు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి.

సలహా కోసం ఎల్డర్‌లైన్ 14567 ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఆడవాళ్లయితే 181కి చేయవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100.

డబ్బు పోయే దారులు మూయడం

కేసు తేలేలోపు ఉన్నది కూడా ఖాళీ అవకుండా చూడాలి. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

బ్యాంకుతో మొదలుపెట్టండి. రిటైరైన టీచరు పింఛను ఖాతా ఏటీఎం కార్డు కొడుకు జేబులో, ఆ ఖాతాకి కట్టిన ఫోన్ నంబరు కోడలిది. బయటికి వచ్చే కేసుల్లో తరచూ కనిపించే అమరిక ఇది. కార్డు బ్లాక్ చేయించి, ఫోన్ నంబరు మార్పించి, పిన్ కొత్తది పెట్టించండి. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా తీసుకునేలా ఉన్న జాయింటు ఖాతా అయితే దాంతో కుస్తీ పట్టడం కంటే ఒక్కరి పేరుతోనే కొత్త ఖాతా తెరిచి, పింఛను దానికి మళ్లించడం తేలిక. మంచం దిగలేని స్థితిలో ఉంటే, 70 దాటినవారికి ఇంటి దగ్గరే సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. మేనేజరుకు ఆ మాట గుర్తుచేస్తూ రాతపూర్వకంగా అడగండి. గడచిన మూడేళ్ల స్టేట్‌మెంటు కూడా అప్పుడే తీసుకోండి, ఆర్డీవో దగ్గర పనికొస్తుంది.

వేలిముద్రతో డబ్బు తీసే ఆధార్ పద్ధతి ఇంకో దారి. ఫోన్‌కి ఓటీపీ రాదు, పిన్ అడగదు. "పింఛనుకి వేలు పెట్టు" అని చెప్పి రెండోసారి పెట్టిస్తే ఖాతాలో ఉన్నది వెళ్లిపోతుంది. ఎం ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయవచ్చు. అయితే ఎన్టీఆర్ భరోసా పింఛను రూ. 4,000 ఇవ్వడానికి ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది వచ్చినప్పుడు అది తీయాల్సి వస్తుంది. ఆ తిప్పలు వద్దనుకుంటే ఈ ఖాతాకి ఆధార్ ద్వారా చెల్లింపులు ఆపమని బ్యాంకుకే రాసివ్వండి. ఇచ్చిన పింఛను వీధి గుమ్మంలోనే ఎవరో లాక్కుంటుంటే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుకి కాగితం మీద చెప్పండి, నోటి మాటగా కాదు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930కి వెంటనే చేయాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

కౌలు డబ్బు సంగతి డెల్టాకి ప్రత్యేకం. పొలం తండ్రి పేరనే ఉంటుంది, కౌలు మాత్రం కొడుకు తీసుకుంటాడు. సార్వా బస్తాలు, దాళ్వా బస్తాలు, కొబ్బరి దింపు డబ్బులు, చెరువు లీజు అడ్వాన్సు ఏదైనా అంతే. భూమి మీ పేర ఉన్నంతవరకు కౌలుదారు మీకే జవాబుదారు. ఈ పంట నుంచి సొమ్ము ఫలానా ఖాతాలోనే వేయాలని, మరెవరికిచ్చినా చెల్లదని కౌలుదారుకు ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పంట సాగుదారు హక్కు పత్రానికి 11 నెలల ఒప్పందం రాసేటప్పుడు భూ యజమానిగా సంతకం ఎవరిదో చూడండి. చెరువు లీజు ఏడాది దాటితే రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని మూడేళ్ల లీజు కాగితం చూపించి ఎవరైనా బెదిరిస్తే భయపడక్కర్లేదు.

ప్రోనోట్లు, ఖాళీ స్టాంపు కాగితాలు: పెద్దాయన చేత వేలిముద్ర వేయించుకున్న ఖాళీ ప్రోనోటు బయట తిరుగుతోందని అనుమానం ఉంటే, ఏ తేదీన ఎవరు ఏం చెప్పి వేయించుకున్నారో వివరిస్తూ వాళ్లకు నోటీసు పంపండి, స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. కోర్టు సమన్లు వచ్చాక చెప్పే మాటకు, ముందే కాగితం మీద పెట్టిన మాటకు చాలా తేడా ఉంది.

జీపీఏ (మీ బదులు లావాదేవీలు చేసే అధికార పత్రం) రాసిచ్చి ఉంటే, అది రిజిస్టరైన ఆఫీసులోనే రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించాలి. జీపీఏ తీసుకున్న వ్యక్తికి నోటీసు, బ్యాంకుకీ కౌలుదారుకీ ఉత్తరాలు, పేపర్లో ప్రకటన, ఈ మూడూ అదే వారంలో అయిపోవాలి. రద్దు చేసినట్టు తెలియకముందు అతను చేసిన లావాదేవీలు మీ మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. జీపీఏ కింద అతను డబ్బు చెల్లించి సొంత హక్కు ఏదైనా పొంది ఉంటే మాత్రం ఇలా ఏకపక్షంగా రద్దు చేయడం కుదరదు. అలాంటప్పుడు లాయరును కలవాలి.

దస్తావేజు చదవండి

ఇక అసలు విషయం. దస్తావేజు కొడుకు దగ్గర ఉండిపోయిందని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది అక్కర్లేదు. సర్వే నంబరుతో గానీ డోర్ నంబరుతో గానీ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక) తీయిస్తే దస్తావేజు నంబరు, సంవత్సరం బయటపడతాయి. వాటితో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకోవచ్చు. ఈసీలోనే ఆ తర్వాత ఎవరికైనా అమ్మారా, తాకట్టు పెట్టారా అన్నదీ కనిపిస్తుంది. సొసైటీలో పంట రుణం వంటివి ఈసీలో పడకపోవచ్చు కాబట్టి సొసైటీలోనూ, ఊరి బ్యాంకులోనూ విడిగా అడగండి. పొలం రికార్డులైన అడంగల్, 1బి మీభూమి వెబ్‌సైటులో చూస్తే మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయిందో లేదో తెలుస్తుంది.

నకలు చేతికి రాగానే మూడు విషయాలు చూడాలి.

మొదటిది, అది ఏ రకం దస్తావేజు. దానపత్రమా, సెటిల్‌మెంటా, అమ్మకమా, భాగపంపకాలా, వీలునామాయా? వీలునామా అయితే భయమే లేదు. రిజిస్టరు చేసినా సరే, బతికుండగా ఎన్నిసార్లైనా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. "వీలునామా రాసేశాను, ఇంక నాకేం హక్కుంది" అని కుంగిపోయే పెద్దవాళ్లకు ముందు ఈ మాట చెప్పండి. దానం, సెటిల్‌మెంటు మాత్రం ఇచ్చినవాళ్లు ఒక్కరే వెళ్లి రద్దు చేయలేరు. రద్దు దస్తావేజు రాయించి తెస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి.

రెండోది తేదీ. చట్టంలోని 23వ సెక్షను, ఆ చట్టం అమల్లోకి వచ్చాక రాసిన దస్తావేజులకే వర్తిస్తుంది. 1990ల్లో రాసిన దానపత్రాన్ని దీని కింద రద్దు చేయించలేరు. కానీ నెలవారీ భరణం అడిగే హక్కు అప్పుడూ ఉంటుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, షరతు. ఆస్తి తీసుకున్నవారు కనీస వసతులు, శారీరక అవసరాలు చూడాలన్న షరతు మీద ఇచ్చి, వాళ్లు అది తప్పితే, ఆ బదిలీని మోసంతోనో ఒత్తిడితోనో చేయించుకున్నట్టు భావించి ఆర్డీవో నడిపే ట్రైబ్యునల్ రద్దు చేయవచ్చని 23వ సెక్షను చెబుతుంది. మన దస్తావేజు లేఖరులు మామూలుగా రాసేది "నీ యందు గల ప్రేమాభిమానములచే" అన్న ఒక్క వాక్యం. అది చాలదు. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు షరతు ఉందని చెప్పుకోవాలి, రుజువు చేయాలి అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పి, కొడుక్కి ఇచ్చిన దానాన్ని రద్దు చేసి ఆస్తి తల్లికి అప్పగించమంది. ఆ కేసులో కొడుకు చూసుకుంటానని విడిగా రాసిచ్చిన కాగితం కూడా ఉంది.

అంటే దస్తావేజులో షరతు లేకపోతే ఇంకెక్కడైనా ఉందేమో వెతకాలి. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న కాగితం, అన్నదమ్ములు సంతకాలు పెట్టిన ఒప్పందం, "ఏడాదికి ఇన్ని బస్తాలు కొలుస్తాను" అన్న చీటీ, వాట్సాప్ మెసేజీలు, కొన్నాళ్లు నెలనెలా డబ్బు వేసి ఆపేసినట్టు చూపించే బ్యాంకు స్టేట్‌మెంటు. ఈ చివరిది బలమైనది. ఒప్పందమే లేకపోతే రెండేళ్లపాటు అదే మొత్తం ఎందుకు వేశాడన్న ప్రశ్నకు కొడుకు దగ్గర జవాబుండదు. ఆస్తి ఇచ్చాక పెద్దాయనకు వేరే బతుకుదెరువు లేదన్న సంగతి కూడా దరఖాస్తులో స్పష్టంగా రాయండి.

భాగపంపకాలు, డబ్బు ముట్టినట్టు రాసిన అమ్మకం దస్తావేజులు చిక్కైనవి. మోసంతో రాయించుకుంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. మోసం తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు. పంపకాలప్పుడు తలా ఇంత ఇస్తామని ఒప్పుకున్న జీవనభృతి ఎగ్గొడితే భరణం దరఖాస్తు వేయవచ్చు.

ఆర్డీవో దగ్గర దరఖాస్తు

పోషణ ట్రైబ్యునల్‌కి పెద్ద ఆర్డీవో. పెద్దవాళ్లు ఇప్పుడున్న చోట గానీ, ఇంతకుముందున్న చోట గానీ, పిల్లలున్న చోట గానీ వేయవచ్చు. రాజోలు దగ్గర ఊరి నుంచి తరిమేస్తే వచ్చి భీమవరంలో కూతురింట్లో ఉంటున్న తల్లి భీమవరంలోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు, డివిజన్లు మారాయి కాబట్టి మీ మండలం ఇప్పుడు ఏ డివిజన్లో ఉందో తహసీల్దారు ఆఫీసులో అడిగాకే బయల్దేరండి.

పెద్దవాళ్లు రాలేకపోతే వాళ్లు రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఎవరైనా, లేదా ఏదైనా స్వచ్ఛంద సంస్థ వేయవచ్చు. ఈ ట్రైబ్యునల్లో లాయరుతో నడిపించుకోవడాన్ని చట్టంలోని 17వ సెక్షను వద్దంటోంది. కావాలంటే పోషణాధికారి మీ తరఫున మాట్లాడతారు. వయోవృద్ధుల సంక్షేమం చూసే విభిన్న ప్రతిభావంతుల శాఖ జిల్లా ఆఫీసులో ఈ వివరం తెలుసుకోండి. దరఖాస్తు రాయించుకోవడానికి మాత్రం న్యాయ సేవాధికార సంస్థ సాయం తీసుకోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

దరఖాస్తు మొదటి పేజీలో ఎవరెవరి మీద, వాళ్ల పూర్తి చిరునామా, సంపాదన ఏంటి అన్నది రాయండి. కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవలు, మనవరాళ్లు ఈ చట్టం దృష్టిలో పిల్లలే. కోడలు, అల్లుడు కారు. భరణానికి కోడల్ని ప్రతివాదిగా పెట్టి దరఖాస్తు తిప్పి కొట్టించుకోకండి. ఆస్తి కోడలి పేర రాసి ఉంటే అది వేరు. ఆస్తి తీసుకున్నవాళ్లు ఎవరైనా 23వ సెక్షను వర్తిస్తుంది.

తర్వాత ఏం కావాలో విడివిడిగా అడగాలి. "న్యాయం చేయండి" అని రాస్తే ఏ ఆర్డరూ రాదు. ఇలా అడగండి:

1. నెలకు ఇంత భరణం, ఫలానా తేదీలోగా నా ఖాతాలో. మందులు, తిండి, అద్దె, సాయం మనిషి జీతం లెక్క జతచేశాను.
2. కేసు తేలేదాకా మధ్యంతర భరణం.
3. ఫలానా నంబరు దస్తావేజును 23వ సెక్షను కింద చెల్లదని ప్రకటించాలి, ఆస్తి నాకు స్వాధీనం చేయించాలి.
4. ఈలోగా దాన్ని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఉత్తర్వు.

నాలుగోది మరిచిపోవద్దు. అవతలివాళ్లకు నోటీసు అందిన మర్నాడే ఆస్తి బయటివాళ్లకు మారిపోయే ప్రమాదం ఉంది. సబ్ రిజిస్ట్రార్‌కు మీరు ఉత్తరం రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ ఆగదు, ఉత్తర్వు కావాలి.

ఈ ట్రైబ్యునల్ ఇవ్వగల భరణం గరిష్ఠంగా నెలకు రూ. 10,000. డయాలసిస్ వంటి ఖర్చులుండి అంతకంటే ఎక్కువ కావాలంటే మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద వేయాలి. అక్కడ పరిమితి లేదు, కానీ కాలం పడుతుంది, లాయరు కావాలి. రెండుచోట్లా ఒకేసారి భరణం అడగడం కుదరదు.

జతచేయాల్సినవి: ఆధార్, వయసు రుజువు, దస్తావేజు నకలు, ఈసీ, 1బి, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆసుపత్రి కాగితాలు, ఖర్చుల లెక్క, కొడుకు సంపాదనకు దొరికిన ఆధారం. అన్నీ ప్రతివాదుల సంఖ్యకు రెండు సెట్లు ఎక్కువ తీయండి. ఇన్‌వర్డు నంబరు, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. ఇదే సంగతి సోమవారం పీజీఆర్‌ఎస్‌లో అర్జీగా ఇస్తే అది ఫలానా తహసీల్దారుకో, ఎస్సైకో వెళ్లి "ఇరువర్గాలకు కౌన్సెలింగ్ ఇచ్చాం" అని ముగిసిపోవచ్చు. అర్జీ వేరు, ఈ చట్టం కింద దరఖాస్తు వేరు. అర్జీ వేయడంలో తప్పులేదు గానీ అది కేసు అనుకుని ఎదురుచూడకండి.

విచారణలో ఏం జరుగుతుంది

నోటీసు అందిన రోజు నుంచి 90 రోజుల్లో భరణం దరఖాస్తు తేల్చాలి. ప్రత్యేక కారణముంటే ఒకే ఒక్కసారి 30 రోజులు పెంచవచ్చు. లెక్క మొదలయ్యేది నోటీసు అందినప్పటి నుంచే కాబట్టి తప్పు చిరునామా ఇస్తే ఆ గడియారం అసలు తిరగదు. కావాలని నోటీసు తప్పించుకుంటే వాళ్లు లేకుండానే తేల్చేయవచ్చు.

రాజీకి పంపితే రాజీ అధికారికి నెల గడువు. ఇక్కడ మోసపోయేది మెత్తబడి. కొడుకు వచ్చి కాళ్లమీద పడతాడు, "నాన్నా, ఇంటికి వచ్చేయ్" అంటాడు, దరఖాస్తు వెనక్కి తీసుకుంటారు, రెండు నెలలకు కథ మళ్లీ మొదటికి. రాజీ మంచిదే. కానీ ఎంత, ఏ తేదీన, ఏ ఖాతాలో, ఏ గది అని రాసి ట్రైబ్యునల్ ఆర్డరుగానే వేయించుకోవాలి. దరఖాస్తు ఉపసంహరించుకోవడం రాజీ కాదు.

అవతలివాళ్లు మామూలుగా వేసే ఎత్తు, అక్కచెల్లెళ్లను కూడా కేసులోకి లాగడం. చట్టం అందుకు వీలిస్తుంది. తల్లిని తెచ్చి చూసుకుంటున్న కూతురు దీనికి సిద్ధపడి, తను ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుల రసీదులు దగ్గర పెట్టుకుంటే మంచిది. రెండో ఎత్తు "మా నాన్నకి మతి స్థిమితం లేదు, చెల్లెలు చెప్పించి చేయిస్తోంది" అనడం. దరఖాస్తు వేసేముందే డాక్టరు దగ్గర పరీక్ష చేయించి, విషయం అర్థం చేసుకుని చెప్పగలరని సర్టిఫికెట్ తెస్తే అది వీగిపోతుంది.

ఇంట్లోంచి కొడుకును ఖాళీ చేయించాలంటే కోడలి సంగతి చూడాలి. ఆమెకు ఉమ్మడి గృహంలో ఉండే హక్కు వేరే చట్టం కింద ఉంది, దాన్ని ఈ చట్టంతో తుడిచేయలేరని 2020లో వనిత కేసులో సుప్రీంకోర్టు అంది. అందుకని ఖాళీ చేయించమని అడిగేటప్పుడు ఆమెను కూడా కక్షిదారుగా చేర్చాలి. చేర్చకుండా తెచ్చుకున్న ఆర్డరు హైకోర్టులో నిలవకపోవచ్చు. ఖాళీ చేయించడం ప్రతి కేసులోనూ దానంతటది వచ్చేదీ కాదు. ఎందుకు అవసరమో, కొట్టడమా, తాళాలా, కరెంటు తీసేయడమా, ఆధారాలతో చూపించాలి.

ఆర్డరు వచ్చాక

కాపీ ఉచితంగా ఇవ్వాలి. 30 రోజుల్లో డబ్బు జమ కావాలి. ఇవ్వకపోతే వసూలుకి మళ్లీ దరఖాస్తు వేయాలి. బాకీ పడిన తేదీ నుంచి 3 నెలల్లోగా వేయకపోతే ఆ బాకీకి వారంటు రాదు. "పోనీలే, వచ్చే నెల ఇస్తాడేమో" అని ఏడాది ఆగినవాళ్లు ముందు నెలల సొమ్ము పోగొట్టుకుంటారు. కారణం లేకుండా ఎగ్గొడితే నెలరోజుల దాకా జైలు, ఆలోపు కడితే కట్టినప్పటిదాకా.

ఆర్డరు నచ్చకపోతే కలెక్టరు దగ్గర 60 రోజుల్లో అప్పీలు. అప్పీలు నడుస్తున్నా పిల్లలు భరణం కడుతూనే ఉండాలి.

దస్తావేజు రద్దయితే పని అక్కడితో అయిపోదు. ఆర్డరు కాపీ సబ్ రిజిస్ట్రార్‌కి ఇచ్చి రికార్డులో ఎక్కించాలి, కొత్త ఈసీ తీసి అది కనిపిస్తోందో చూడాలి. తహసీల్దారుకి ఇచ్చి రెవెన్యూ ఆన్‌లైన్ రికార్డు వెబ్‌ల్యాండ్‌లో పేరు తిరిగి మార్పించాలి. ఈ రెండూ చేయకపోతే కాగితం మీద ఆస్తి ఇంకా కొడుకుదే, ఇంకో బ్యాంకులో అప్పు పుడుతుంది. ఇంకో మాట. 23వ సెక్షను హక్కు రాసిచ్చిన మనిషిది. ఆయన తర్వాత చూద్దాంలే అని కూతుళ్లు ఆగితే ఆ దారి మూసుకుపోతుంది.

పోలీసు, ఇతర దారులు

పోషించాల్సిన మనిషి ముసలివాళ్లను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో దించేసి వెళ్లిపోతే 24వ సెక్షను కింద 3 నెలల దాకా జైలు, లేదా రూ. 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పుష్కరాల రేవులోనో రైల్వే స్టేషన్లోనో దించేసిన కేసులకు ఇదే. కొట్టడం, బంధించడం, బెదిరించడం, సంతకం ఫోర్జరీ, నగలు కాజేయడం మామూలు నేరాలు. "ఇది మీ ఇంటి గొడవ, సివిల్" అని ఎస్సై పంపేస్తే ఫిర్యాదు రాతపూర్వకంగా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. 60 దాటిన మగవారిని, ఏ వయసు ఆడవారినైనా సాక్షులుగా వాంగ్మూలానికి స్టేషనుకి రమ్మనకూడదు, ఇంటికే రావాలి.

తల్లికి గృహహింస చట్టం కూడా ఉంది. కొడుకు మీదే కాదు, కోడలి మీదా వేయవచ్చు. రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే ఉత్తర్వు ఇందులో తొందరగా దొరుకుతాయి. భరణానికి ఆర్డీవో దగ్గర, దెబ్బలకు ఇక్కడ అని రెండూ నడపవచ్చు.

పెద్దమనుషుల తీర్పు వద్దనము. కానీ అది పాటించకపోతే అమలు చేయించే అధికారం ఎవరికీ లేదు. అదే రాజీని న్యాయ సేవాధికార సంస్థలో కేసుకి ముందు దరఖాస్తుగా పెట్టి లోక్ అదాలత్‌లో నమోదు చేయిస్తే సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనుషులనే అక్కడికి తీసుకెళ్లండి. తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టనివ్వకండి.

మతిమరుపు వచ్చినవారి ఆస్తి

డిమెన్షియా ముదిరాక రాయించుకున్న దస్తావేజు చెల్లదు, కానీ ఆ రోజుకి మతి లేదని నిరూపించాలి. పాత మందుల చీటీలు, స్కానింగులు పారేయకండి. మంచి ఉద్దేశంతో తీసుకున్న జీపీఏ కూడా, ఇచ్చిన మనిషికి తెలివి పోతే చట్టప్రకారం ముగిసిపోతుంది. దాంతో ఆ తర్వాత ఆస్తి అమ్మి వైద్యం చేయించినా చిక్కే. అలాంటి స్థితిలో సంరక్షకుడిగా నియమించమని హైకోర్టుకు వెళ్లడం సరైన దారి.

ఇంకా రాయనివాళ్లకు

రాయక తప్పదనుకుంటే దానపత్రంలో జీవితకాల అనుభవ హక్కు మీ దగ్గరే ఉంచుకోండి. ఆస్తి ఇప్పుడే ఇస్తున్నా, మీరున్నంతకాలం ఉండే హక్కు, కౌలు, అద్దె మీవే. ఇలా రాసిన దానం చెల్లుతుందని 2014లో రేణికుంట్ల రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పూర్తి హక్కులు ఇచ్చేసి "అమ్మకూడదు" అని మాత్రం రాస్తే ఆ మాట కోర్టులో నిలవకపోవచ్చు. దాంతోపాటు ఈ షరతు పెట్టించండి, లేఖరి "అవసరం లేదండీ" అన్నా సరే:

"నా జీవితకాలమంతయు నాకు తిండి, బట్ట, నివాసము, వైద్యము, శారీరక అవసరములు నీవు చూడవలెనను షరతుపై ఈ ఆస్తిని నీకు ఇచ్చుచున్నాను. ప్రతి నెల 5వ తేదీలోగా రూ. ... నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలెను. ఈ షరతు తప్పిన యెడల 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము 23వ సెక్షను ప్రకారము ఈ దస్తావేజును రద్దు చేయించుకొను హక్కు నాకు గలదు."

భర్త రాసి తర్వాత పోతే భార్య పరిస్థితి బలహీనపడుతుంది, ఎందుకంటే రాసింది ఆమె కాదు. అందుకని ఇల్లుగానీ, కొన్ని సెంట్లుగానీ ఆమె పేరనే ఉంచి, దానికి వీలునామా మాత్రమే రాయించండి. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, ఆ ఇద్దరూ ఆస్తి దక్కేవాళ్లు కాకూడదు. వయసులో చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టుకోండి, రేపు అవసరమైనప్పుడు వచ్చి చెప్పడానికి వాళ్లు ఉండాలి కదా.